మా అమ్మాయి వాళ్ళ ఊరి లైబ్రరీలో ఇంటర్నెట్: నాలుగు స్టార్లు ఇచ్చాను, ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను

ఆరు నెలలుండి వెళ్దామని మా ఆవిడా నేనూ న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. ఇలా వచ్చిన తల్లిదండ్రులందరికీ తెలిసిన సంగతే: ఉదయం ఎనిమిదికల్లా ఇల్లు ఖాళీ. సాయంత్రం దాకా మనమూ, ఫ్రిజ్ చప్పుడూ. నాకు కారు నడపడం రాదు. నడిచి వెళ్ళగల దూరంలో ఉన్నవి రెండే, ఒక పెట్రోలు బంకు, ఒక పబ్లిక్ లైబ్రరీ. కృష్ణా జిల్లా శాఖా గ్రంథాలయాల్లో 31 ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి నేను. ఎటు నడిచానో వేరే చెప్పాలా.

ఊరి పేరు రాయను. పుస్తకాల గురించీ, ఏసీ గురించీ, బాత్‌రూముల శుభ్రత గురించీ కూడా ఎక్కువ రాయను, అన్నీ బాగున్నాయి. తెలుగు పుస్తకాలు గుజరాతీ అరకు పక్కనే నలభై దాకా ఉన్నాయి, సగం సీరియల్ నవలలే. నేను రాయదల్చుకున్నది అక్కడి ఇంటర్నెట్ గురించి. నాలుగు నెలలుగా వారానికి మూడు రోజులు వాడుతున్నాను కాబట్టి కాస్త అధికారంతోనే చెప్పగలను.

ముందు పనికొచ్చే వివరాలు. కార్డు లేకపోయినా ఫర్వాలేదు. డెస్కు దగ్గర పాస్‌పోర్టు చూపిస్తే అంకెలున్న చీటీ ఇస్తారు. అది కొడితే ఒక గంట కంప్యూటరు మీది. వెనకాల ఎవరూ కాచుకుని లేకపోతే ఇంకో గంట. పెద్దవాళ్ళకి పై అంతస్తులో 14, పిల్లల గదిలో 6. ప్రింటు నలుపు తెలుపైతే కాయితానికి 15 సెంట్లు. తెలుగు కీబోర్డు లేదుగానీ తెలుగు టైపు చేసే లేఖిని సైటు తెరుచుకుంటుంది, నేను ఉత్తరాలన్నీ అందులోనే టైపు చేస్తున్నాను. మన పేపర్లన్నీ వస్తాయి. స్పీడు బ్రహ్మాండం. మా ఊళ్ళో నెట్ సెంటర్ రోజుల్లో ఒక్క హాల్ టికెట్ దిగేలోపు టీ తాగి వచ్చేవాళ్ళం.

చీటీ అంకెలు కొట్టగానే ఒక పొడుగాటి ఒప్పందం కనిపిస్తుంది. అందరూ కింద 'ఒప్పుకుంటున్నాను' నొక్కి ముందుకెళ్తారు. నాకు పాత జబ్బు, పూర్తిగా చదివాను. ఈ కంప్యూటర్లలో కొన్ని సైట్లని తెరుచుకోనివ్వని ఫిల్టర్ ఉందనీ, 'చిల్డ్రన్స్ ఇంటర్నెట్ ప్రొటెక్షన్ యాక్ట్' ప్రకారం పెట్టామనీ అందులో ఉంది. ఇక్కడివాళ్ళు పొట్టిగా సిపా అంటారు. 2000 డిసెంబరులో కాంగ్రెసు ఆమోదిస్తే, అధ్యక్షుడు క్లింటన్ పదవి దిగే ముందు నెలలో సంతకం పెట్టిన చట్టం.

చట్టం తమాషా ఏమిటంటే, 'ప్రతి లైబ్రరీ ఫిల్టర్ పెట్టాలి' అని అది ఎక్కడా అనదు. ఇంటర్నెట్ ఖర్చులో కేంద్రం నుంచి రాయితీ కావాలంటే పెట్టాలి అంటుంది. మన మాటల్లో చెప్పాలంటే, తాళం వేస్తేనే తైలం. ఆ రాయితీ పేరు ఈ-రేట్, 20 శాతం నుంచి 90 శాతం దాకా ఉంటుంది. బడికైనా లైబ్రరీకైనా ఆ ప్రాంతం ఎంత పేదదైతే రాయితీ అంత ఎక్కువ. డబ్బెక్కడిదని మా అల్లుణ్ణి అడిగితే, "మా దగ్గర్నుంచే మామయ్యా" అని ఫోన్ బిల్లు తీసి చూపించాడు. అడుగున 'యూనివర్సల్ సర్వీస్' అని ఒక చిన్న పద్దు. మన దగ్గర ఆస్తి పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు ఉంటుందే, అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ వసూలు చేసిన సొమ్ము గ్రంథాలయానికి చేరుతుంది. (మునిసిపాలిటీలు పట్టుకు కూర్చున్న సెస్సు బకాయిల గురించి నన్ను కదిలించకండి, ఈ రివ్యూ ఇక్కడితో పూర్తికాదు.)

కలవారి ఊళ్ళో లైబ్రరీ 'మీ రాయితీ మాకొద్దు, తాళమూ వద్దు' అనగలదు. అన్నవీ ఉన్నాయి. 90 శాతం రాయితీ మీద బతికే ఊరు ఆ మాట అనలేదు. ఊరి పేదరికాన్ని బట్టి తాళం బిగుస్తుందన్నమాట. ఇది నాకు నచ్చలేదు. అందులో లైబ్రరీ తప్పేమీ లేదు కాబట్టి స్టారు కోయలేదు.

ఇక అసలు కథ.

మా మనవరాలు ఏడో క్లాసు. సోషల్‌లో ప్రాజెక్టు ఇచ్చారు, మీ కుటుంబం వచ్చిన ప్రాంతపు కళ మీద ఒక పోస్టరు చెయ్యమని. కూచిపూడి చేస్తానంది. ప్రతి తెలుగు పిల్లా కూచిపూడే చేస్తుంది, అమరావతి శిల్పాలు చెయ్యి తల్లీ అన్నాను. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించిన రాళ్ళు మద్రాసు మీదుగా ఓడెక్కి లండన్ చేరాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన పల్నాటి సున్నపురాయి అక్కడ గాజు గదిలో ఉందని చెప్తే పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. కూచిపూడి పోయింది, అమరావతి ఖాయమైంది.

మర్నాడు సాయంత్రం స్కూలువాళ్ళిచ్చిన క్రోమ్‌బుక్ పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "తాతయ్యా, నీ రాళ్ళని బ్లాక్ చేశారు."

తెర మీద పెద్ద ఎర్ర గుర్తు. కింద కారణం: నగ్నత్వం. మనవాడొకడు అమరావతి, నాగార్జునకొండ శిల్పాలన్నీ తిరిగి ఫొటోలు తీసి సొంత సైటులో పెట్టుకున్నాడు, పలకపలకకీ దగ్గరినుంచి తీసినవి. మ్యూజియం సైటు తెరుచుకుంటోంది, ఇతని సైటు తెరుచుకోవడం లేదు. శాతవాహనుల కాలంలో రవికెలు లేవని ఫిల్టరుకి ఎవరు చెప్పాలి?

శనివారం ఇద్దరం లైబ్రరీకి నడిచాం. పిల్లల గదిలో ప్రయత్నించింది, అదే ఎర్ర గుర్తు. నేను పై అంతస్తుకెళ్ళి పెద్దల కంప్యూటర్లో కొట్టాను. అక్కడా అంతే. 70 ఏళ్ళ మనిషికీ 12 ఏళ్ళ పిల్లకీ ఒకే తాళం.

డెస్కు దగ్గర తెల్లజుట్టావిడ ఉంది, మెళ్ళో తాడుకి కళ్ళజోడు. నా ఇంగ్లీషులో చెప్పబోయాను: నేను రిటైర్డ్ లైబ్రేరియన్ని, ఇవి బౌద్ధ శిల్పాలు, రెండో శతాబ్దం, మనవరాలి ప్రాజెక్టు. వాక్యం సగంలో ఉండగానే ఆవిడ, "సర్, మీ కంప్యూటర్ నంబరెంత?" అంది. తొమ్మిది. ఏదో నొక్కింది. "మీ గంట అయ్యేదాకా ఫిల్టర్ ఉండదు" అంది. అంతే. ఎందుకని అడగలేదు. ఏ సైటని కూడా అడగలేదు. నా వివరణంతా నోట్లోనే ఉండిపోయింది.

కుర్చీలో కూర్చున్నానుగానీ రెండు నిమిషాలు తెర వైపు చూడలేదు. నాకు మా స్టీలు బీరువా గుర్తొచ్చింది.

నేను పనిచేసిన ఒక శాఖలో నా కుర్చీ వెనక ఒక బీరువా ఉండేది. అట్టమీద బొమ్మలు బాగాలేని నవలలూ, పేజీలు చింపుకుపోయే పుస్తకాలూ, 'కుర్రకారు చేతిలో పడకూడదు' అని నేను అనుకున్నవన్నీ అందులో. ఏ చట్టమూ చెప్పలేదు, ఏ జీవోలోనూ లేదు. తాళంచెవి నా మొలతాడుకి. అందులో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనము కూడా ఉండేది. ఆ పుస్తకం చరిత్ర నాకు తెలియక కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వావిళ్ళ వారిచేత అచ్చువేయిస్తే అశ్లీలమని దొరల ప్రభుత్వం నిషేధించింది. తర్వాతెప్పటికో ప్రకాశం పంతులు ఆ నిషేధం తీయించారు. దొరలు వేసిన తాళం పంతులుగారు తీస్తే, నేను మళ్ళీ నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఒకరోజు ఎం.ఏ. తెలుగు చదువుతున్నానని ఒకమ్మాయి వచ్చి ఆ పుస్తకం అడిగింది. హాల్లో పేపరు చదివే పెద్దమనుషులు ఏడెనిమిదిమంది ఉన్నారు. "ఎందుకమ్మా?" అన్నాను. అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది, "అక్కర్లేదండీ" అని వెళ్ళిపోయింది. మళ్ళీ మా లైబ్రరీ గడప తొక్కలేదు. పుస్తకం ఇవ్వనని నేను అనలేదు. ఎందుకని అడిగానంతే.

ఈ కథ చెప్తే మా అమ్మాయి, "నాన్నా, అచ్చం ఇదే కోర్టుకెళ్ళింది ఇక్కడ" అంది. తర్వాత చదివాను. సిపా వచ్చిన కొత్తలో దాని మీద కేసు వేసింది ఎవరనుకున్నారు? అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, అంటే లైబ్రేరియన్లే. మావాళ్ళు కోర్టుకెళ్ళారంటే నాకు గుర్తున్నంతలో జీతాల కోసమే. 2002లో ఫిలడెల్ఫియాలో ముగ్గురు జడ్జీల కోర్టు, లైబ్రరీలకి ఈ చట్టం చెల్లదంది. 2003 జూన్‌లో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపూ ముగ్గురు ఒకవైపూ అయి చెల్లుతుందని తేల్చింది. గెలిపించినవాళ్ళలో ఒకరైన జస్టిస్ కెన్నెడీ విడిగా రాసిన మాట నాకు ఆ తెల్లజుట్టావిడని గుర్తు చేసింది. పెద్దవాళ్ళు అడిగిన వెంటనే, పెద్దగా ఆలస్యం లేకుండా లైబ్రేరియన్ ఫిల్టర్ తీసేస్తుంటే ఇక గొడవేముందని ఆయన వాదన. చట్టంలోనూ 'పరిశోధనకో, చట్టబద్ధమైన మరే పనికో' పెద్దవాళ్ళకి తీయవచ్చని ఉంది. తీసి తీరాలని మాత్రం లేదు. దేశం మొత్తం తీర్పు వెళ్ళి వెళ్ళి డెస్కు దగ్గర కూర్చున్న మనిషి మీద ఆగింది చూడండి. అక్కడ ఆవిడ కూర్చుంటే ఒక చట్టం, అప్పటి నేను కూర్చుంటే ఇంకో చట్టం.

అంతకుముందు 1998లోనే ఒక కేసు జరిగింది, ఆ కౌంటీ పేరు వింటే అక్కడి మనవాళ్ళు ఉలిక్కిపడతారు: వర్జీనియాలో లౌడన్ కౌంటీ. ఇవాళ యాష్‌బర్న్ వైపు ఏ వీధిలో చూసినా తెలుగు వినిపించే చోటు. అక్కడి లైబ్రరీ బోర్డు పెద్దలకీ పిల్లలకీ కలిపి ఫిల్టర్ పెడితే జడ్జి లియోనీ బ్రింకెమా చెల్లదన్నారు. ఆవిడ లాయరు కాకముందు లైబ్రేరియన్‌గా చేశారట. నేను ఆ ముక్క మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను.

మళ్ళీ డెస్కు దగ్గరికి వద్దాం. నా గంట అయిపోయేలోపు పలకల ఫొటోలు పదకొండు ప్రింటు తీశాను, 1 డాలరు 65 సెంట్లు. కిందికి వస్తుంటే ఆవిడే పిలిచి, పిల్లకి కూడా అవసరమా అని అడిగింది. ఈ ప్రశ్న వేరు, అది ఆరా కాదు. పిల్లల గదిలో ఫిల్టర్ మొత్తం తీయడానికి ఈ-రేట్ నిబంధన ఒప్పుకోదుట. అయితే పొరపాటున ఆగిన సైటుని ఆ జాబితాలోంచి తప్పించవచ్చుట. చట్టం ఆపమన్నది మూడు రకాల బొమ్మల్ని: అశ్లీలమైనవి, పిల్లల మీద అఘాయిత్యాలవి, 17 ఏళ్ళలోపు పిల్లలకి హాని చేసేవి. ఈ మూడోదానికి నిర్వచనంలోనే, కళగా శాస్త్రంగా గట్టి విలువ ఉన్నది ఇందులోకి రాదని రాసుంది. అమరావతి పలక హాని ఎలా అవుతుంది? ఆవిడ ఒక ఫారం నింపింది. బుధవారం వెళ్ళేసరికి పిల్లల గదిలో కూడా తెరుచుకుంది. నేను అడగని పని చేసినందుకు ఒక స్టారు అక్కడే రాసేశాను.

మరి పిల్లలకి తాళం అక్కర్లేదంటావా పెద్దాయనా, అంటారేమో. కావాలి. పిల్లల గదిలో తప్పకుండా కావాలి, మా మనవరాలు కూర్చునే కుర్చీ అది. ఫిల్టర్ నిజంగా చెడ్డవాటిని ఆపుతోందా అని పరీక్షించి చూడమని మా అల్లుడు నవ్వుతూ అన్నాడు. ఈ వయసులో పరాయి దేశపు లైబ్రరీలో ఆ ప్రయోగానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ ఒక్క అంశం మీద ఈ రివ్యూ మౌనం.

ఇంకోటి మాత్రం నా కళ్ళతో చూశాను. కంప్యూటర్లన్నిటికీ తాళాలు, వైఫైకి కూడా తాళం. కిటికీ పక్క సోఫాల్లో కుర్రాళ్ళు నలుగురు సొంత ఫోన్లలో, సొంత డేటా మీద. ఏం చూస్తున్నారో వాళ్ళకీ దేవుడికీ తెలియాలి. మన దగ్గర 2011లో సైబర్ కేఫ్‌లకి నిబంధనలొచ్చాయి గుర్తుందా? గదుల మధ్య అడ్డం నాలుగున్నర అడుగులు మించకూడదు, పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లలు అందులో కూర్చోకూడదు. మా సందులో నెట్ సెంటరాయన వడ్రంగిని పిలిపించి చెక్కలు కోయించాడు. నాలుగేళ్ళు తిరక్కుండా అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, ఆయన జిరాక్స్ షాపు పెట్టుకున్నాడు. ఈ సిపా కూడా కంప్యూటరు అంటే బల్లమీద ఉండేదే అనుకున్న రోజుల్లో పుట్టింది.

ఫిల్టర్ల తెలివి గురించి ఒక్క మాట. అవి చదవవు. కంపెనీవాళ్ళు సైట్లని రకాలుగా విడగొట్టి జాబితాలు అమ్ముతారు, కొన్నవాళ్ళు ఏ రకం ఆపాలో టిక్కులు పెట్టుకుంటారు. చట్టం చెప్పింది బొమ్మల గురించే, ఆగేది మాత్రం సైటు మొత్తం. టిక్కులు పెట్టే చెయ్యి ఉదారమైతే చట్టం అడగనివి కూడా ఆగిపోతాయి. మా మనవరాలి తిథుల పుట్టినరోజు ఎప్పుడో చూద్దామని దాని క్రోమ్‌బుక్‌లో పంచాంగం కొడితే, జ్యోతిషం, క్షుద్రవిద్యలు అనే రకం కింద ఆపేసింది! మా ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది. నవ్వులాటగా అనిపించినా ఇలాంటిదే మిస్సోరీ రాష్ట్రంలో సేలం అనే చిన్న ఊళ్ళో 2012లో కోర్టుకెళ్ళింది. అక్కడి లైబ్రరీ ఫిల్టరు అమెరికా ఆదివాసుల మతవిశ్వాసాల సైట్లని కూడా క్షుద్రవిద్యల కింద ఆపేసింది. మరుసటి ఏడు రాజీ అయి ఆ తాళాలు తీశారు.

పాతకాలపు ఫిల్టర్లు ఇంకా మొద్దువి, అక్షరాలు చూసి ఆపేసేవి. 1996లో ఇంగ్లండులో స్కన్‌తార్ప్ అనే ఊరివాళ్ళు ఏఓఎల్‌లో ఖాతా తెరవలేకపోయారు, ఊరి పేరు మధ్యలో ఒక బూతు ఇరుక్కుందని. 2018లో మన శ్రీకాకుళం మీద పడ్డ తిత్లీ తుపాను పేరు ఇంగ్లీషులో రాసి మొదటి మూడక్షరాలు చూడండి. ఆ రోజుల ఫిల్టరు ఉండుంటే పలాసలో జీడితోటలు కూలిన వార్త బయటికొచ్చేది కాదు.

ఇప్పుడు ఆ మిగిలిన స్టారు. లైబ్రరీకి ఐదూ ఇద్దామనే అనుకున్నాను. ఒక్క లోటు: ఫిల్టర్ తీయమని అడగవచ్చని ఆ ఎర్ర గుర్తు కింద ఎక్కడా లేదు. పొడుగాటి ఒప్పందంలో పన్నెండో పేరాలో ఉంది. అది చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. నాలాగే ఇంగ్లీషుకి జంకే పెద్దవాళ్ళు, ఏ ఆరోగ్యం సంగతో చూడబోయి ఎర్ర గుర్తు కనపడగానే తామేదో తప్పు చేశామనుకుని చీటీ జేబులో పెట్టుకుని లేచిపోతారు. మా బీరువా దగ్గర్నుంచి ఆ అమ్మాయి లేచిపోయినట్టే. 'ఈ పేజీ కావాలా? డెస్కు దగ్గర అడగండి' అని ఒక్క వాక్యం పెట్టించమని సలహాల పెట్టెలో కాయితం వేశాను. పెడితే ఐదో స్టారు కలుపుతాను.

మనవాళ్ళకి నా మాట ఇది: ఎర్ర గుర్తు వస్తే లేవకండి. డెస్కు దగ్గరికెళ్ళి కంప్యూటరు నంబరు చెప్పి, "ఫిల్టర్ తీయండి" అనండి చాలు. కారణం చెప్పకండి, నాలాగా రెండో శతాబ్దం నుంచి మొదలుపెట్టకండి.

స్కూలు సంగతి వేరే. అక్కడ డెస్కూ లేదు, తెల్లజుట్టావిడా లేదు. సైటు తెరవమని అడగడానికి ఆన్‌లైన్ ఫారం ఒకటుంది, మా అమ్మాయి దాన్ని లైబ్రరీకి వెళ్ళకముందే నింపి పంపింది. పోస్టరు లైబ్రరీ ప్రింట్లతోనే పూర్తయింది, మధ్యలో పూర్ణఘటం, చుట్టూ పలకలు. 'ఎ' గ్రేడు వచ్చి మూడు వారాలైంది. నిన్న స్కూలు నుంచి మెయిలు వచ్చింది: మీ అభ్యర్థన అందింది, పరిశీలనలో ఉంది.